నీళ్ళ మలుపు రాయి

బస్సు ఇంకా రెండు మలుపుల కింద ఉండగానే దాని రొప్పు పైదాకా వినిపించింది. పైడయ్య గోనెపట్టాని రోడ్డు పక్కన పారే గెడ్డలో ముంచి, పిండకుండానే భుజాన వేసుకున్నాడు. కావడిబద్ద రెండు కొసలకీ కిరసనాయిలు డబ్బాలు వేలాడుతున్నాయి. మోకాలి మీద చెయ్యి ఆనించి లేచి, బద్ద రెండో భుజానికెత్తుకుని, నీళ్ళు తొణక్కుండా చిన్న చిన్న అడుగులు వేసుకుంటూ రోడ్డు అంచుకి వచ్చి నిలబడ్డాడు. మాఘమాసపు మంచు ఇంకా లోయలోంచి లేవలేదు. ముందు రెండు దీపాలు కనిపించాయి. తరువాత మూతిలోంచి ఆవిరి కక్కుకుంటూ బస్సు కనిపించింది.

శృంగవరపుకోట నుంచి అరకు వెళ్ళే ఘాటీరోడ్డులో ఇక్కడికి వచ్చేసరికి ఎంత గట్టి బండికైనా నోరెండిపోతుంది. అందుకే దీనికి నీళ్ళ మలుపని పేరు. బస్సులూ, లారీలూ, అప్పుడప్పుడు దొరలు వదిలివెళ్ళిన పాత జీపులూ ఇక్కడ ఆగి దాహం తీర్చుకుని గానీ ముందుకు కదలవు. ఆ దాహం తీర్చడమే పైడయ్య ఉద్యోగం. బస్సు కంపెనీవాళ్ళు పెట్టారు. పేరుకి బస్సులకే అయినా నోరెండిన లారీని పొమ్మనేంత కాఠిన్యం అతనికి లేదు.

తడిగోనెని మడతపెట్టి రేడియేటరు మూత మీద కప్పాడు. అరచెయ్యి బలంగా ఆనించి సగం తిప్పి ఆగాడు. లోపలి ఆవిరి బుస్సుమంటూ గోనె అంచుల్లోంచి తన్నుకొచ్చింది. మొహం పక్కకి తిప్పుకుని, అది తన కోపమంతా కక్కుకునేదాకా అలాగే ఉండిపోయాడు. ఆ తరువాత మిగతా సగం తిప్పి మూత తీసి, ఇంజను తిరుగుతూండగానే చెంబుతో కొద్దికొద్దిగా నీళ్ళు పోశాడు. ఒక్కసారిగా గుమ్మరిస్తే ఇంజను పగులుతుంది. మణికట్టు నుంచి మోచేతిదాకా ఉన్న తెల్లమచ్చలు అతను కొత్తలో నేర్చుకున్న పాఠాలు.

దిగిన జనంలో సగంమంది కొండని చూడడానికీ, సగంమంది కొండచాటుకి వెళ్ళడానికీ దిగారు. డ్రైవరు యర్రయ్య బీడీ ముట్టించుకుని బానెట్టు పక్కన చేరాడు. పైడయ్యకి అతను చుట్టమేమీ కాదు గానీ, రోజూ చూసే మొహం గనక మావా అని పిలుస్తాడు. ఆయాసపడుతున్నావేమని అడిగాడు. చలి అన్నాడు పైడయ్య. ఈ మధ్య కావడి ఎత్తి నాలుగడుగులు వేసేసరికి రొమ్ములో ఏదో పట్టేసినట్టవుతోందని, పొద్దున్న కూడా దారిలో బద్ద దించుకోవలసి వచ్చిందని అతను ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి అదేమంత విశేషమని?

ఈలోగా క్లీనరు టాపు మీంచి సిమెంటు బస్తాలు దింపుతున్నాడు. వాటి వెనకే తాపీ, తూకంగుండు, మట్టపలక ఉన్న సంచితో శృంగవరపుకోట నుంచి వచ్చిన తాపీమేస్త్రి సోములు దిగాడు. ఆ బస్తాలని చూసేసరికి పైడయ్య చేతిలో చెంబు ఆగింది. ఈవేళ వస్తాయని తెలుసు. తెలిసినా సరే, ఆగింది.

"రాయి సుట్టూరా గట్టు కట్టెయ్యమన్నారు బావు. రేపు ఊసలు పాతేత్తాను. మరి మేక కూడా ఎక్కనేదు," అన్నాడు సోములు సంతోషంగా.

రోడ్డుకి లోయవైపు అంచున, గెడ్డ తూములోంచి దూరి అవతలకి దూకే చోట ఉందా రాయి. దాని నిండా పసుపు. పసుపు మీద కుంకుమ. కుంకుమ మీద ఎర్రగుడ్డముక్క, గాజులు, నిమ్మకాయ. చుట్టూ కొబ్బరిచిప్పలు. మలుపులమ్మ తల్లి అంటారు దాన్ని డ్రైవర్లు. మొక్కితే దేవుడు, మొక్కకపోతే రాయి అని ఊరికే అనలేదు పెద్దలు. నిరుడు దసరా దాకా అది రాయే. ఆ రాయి మీద పైడయ్య కూర్చునేవాడు.

పైడయ్యది భీమిలి దగ్గర మెట్టపల్లె. కొద్దిగా భూమి, ఎక్కువగా దాయాదులు. పెళ్ళయిన కొత్తలో భార్య చిన్నమ్మలుని తీసుకుని భీమిలి వెళ్ళాడు, మాఘస్నానానికి. గోస్తనీ ఏరు సముద్రంలో కలిసేచోట ఇద్దరూ గట్టున కూర్చుని నీళ్ళలో కాళ్ళు పెట్టుకున్నారు. ఒక కాలికి తీపినీళ్ళు, ఒక కాలికి ఉప్పునీళ్ళు తగులుతున్నాయని చిన్నమ్మలు నవ్వింది. పొద్దువాలేదాకా లేవలేదు. జీవితంలో పని ఏమీ చెయ్యకుండా ఒక పూటంతా కూర్చోవడం పైడయ్యకి అదే మొదలు. మరుసటేడు కలరా వచ్చి చిన్నమ్మలుని పట్టుకుపోయింది. కొన్నాళ్ళు అన్నగారి పంచన తిని, వదినగారి మాటలు కూడా తిని, యుద్ధం రోజుల్లో ఘాటీరోడ్డు పనికి మనుషుల్ని పోగేస్తున్న కంట్రాక్టరు వెంట కొండెక్కాడు. కూడా వచ్చినవాళ్ళలో కొందరు మన్యం జ్వరానికి పోయారు, కొందరు దానికి భయపడి దిగిపోయారు. పైడయ్యకీ జ్వరాలు వచ్చాయి, పోయాయి, జ్వరాలకి ఉబ్బిన బల్ల మాత్రం కడుపులో మిగిలింది. రోడ్డు పని అయిపోయినా అతను దిగలేదు. దిగి ఎవరి మొహం చూడాలి?

ఈ రాయి అతనికి ఆ రోజుల్లోనే దొరికింది. వెనక వీపు ఆనుకోవడానికి చిన్న ఎత్తు, మధ్యలో పల్లం, ముందు కాళ్ళు జారవేస్తే పిక్కలదాకా గెడ్డనీళ్ళు. పనిగట్టుకుని చెక్కినా అంత బాగా కుదరదు. మధ్యాహ్నం బస్సు పైకి వెళ్ళిపోయాక, సాయంత్రం బస్సు కిందికి వచ్చేలోగా, ఆ మలుపులో మనిషి అలికిడి ఉండదు. అప్పుడు అతను అంబలి తాగి, వచ్చి, రాయి మీద కూర్చుని, కాళ్ళు నీళ్ళలో వదిలేసేవాడు. ఎదురుగా లోయ, లోయ అవతల మైదానం, మబ్బులేని రోజైతే మైదానం చివర సన్నటి తెల్లగీత. అది సముద్రమని పైడయ్య అంటాడు. ఎండకి లేచే ఆవిరని యర్రయ్య అంటాడు. ఈ గెడ్డ పోయి బొర్రా దగ్గర ఏట్లో కలుస్తుందని, ఆ ఏరే గోస్తనీ అని ఎవరో చెప్పిన దగ్గర్నుంచి పైడయ్యకి ఆవిరా, సముద్రమా అన్న పట్టింపు పోయింది. తన కాళ్ళని తడిపిన నీళ్ళు భీమిలి వెళుతున్నాయి. అంతకంటే ఏం కావాలి. ఆ కాసేపూ అతనికి ఏ లోటూ ఉండేది కాదు. చిన్నమ్మలు లేని లోటు కూడా కాస్త పక్కకి జరిగి చోటిచ్చేది.

పాడుచేసుకున్నది అతనే. నిరుడు దసరాకి డ్రైవర్లందరూ బస్సులు కడిగి, పసుపు రాసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. ఆయుధపూజ ఎవరికైనా ఆయుధపూజే. పైడయ్య కూడా డబ్బాలు తోమి బొట్టుపెట్టాడు, కావడిబద్దకి బొట్టుపెట్టాడు, చెంబుకి పెట్టాడు. చేతిలో పసుపు కుంకుమ ఇంకా మిగిలాయి. ఇన్నాళ్ళూ నన్ను మోసినది ఇది కాదా అనుకుని, వెళ్ళి రాయికి కూడా ఇంత పసుపు పూసి, నిండుగా బొట్టుపెట్టాడు. దణ్ణం పెట్టి, దాని మీదే కూర్చున్నాడు.

ఆ వారంలోనే సంతరోజు సాయంత్రం, అల్లం బస్తాలతో దిగుతున్న లారీకి బ్రేకులు పోయాయి. మలుపు తిరగలేక తిన్నగా లోయలోకి పోవలసిన లారీ ఆ రాయి వీపుకి గుద్దుకుని, ఒక ముందుచక్రం గాలిలో తిరుగుతూ ఆగిపోయింది. లారీలో ఉన్నది దాని యజమాని, కోటలో పెద్ద వర్తకుడు సర్వేశ్వరరావుగారు. గజగజ వణుకుతూ దిగి, తనని ఆపిందేమిటా అని చూస్తే పసుపూ కుంకుమా కనిపించాయి. రోడ్డు మీదే సాగిలపడ్డాడు. ఏ తల్లి అని అడిగాడు. ఆ మనిషి పళ్ళు టకటకా కొట్టుకుంటూంటే, నా పీట బాబూ అని చెప్పడానికి పైడయ్యకి నోరు రాలేదు. తలవంచుకుని ఊరుకున్నాడు. ఊరుకుంటే ఒప్పుకున్నట్టే కదా.

మర్నాటి నుంచి అటు వచ్చిన ప్రతి బండీ అక్కడ కొబ్బరికాయ కొట్టింది. పైడయ్యకి తినలేనంత కొబ్బరి, కూర్చోలేనంత రాయి మిగిలాయి. ఒకసారి ఎవరూ లేరని చూసుకుని కూర్చోబోతే మలుపు దగ్గర హారను మోగింది. గభాల్న లేచి తుండుగుడ్డతో తుడుస్తున్నట్టు నటించాడు. ఆ డ్రైవరు అతని భక్తిని కోటంతా చెప్పుకున్నాడు. గెడ్డపొడుగునా రాళ్ళకేం కరువు, ఇంకొకటి చూసుకోవచ్చుగా అని ఎవరైనా అడగొచ్చు. చూసుకున్నాడు. ఒకటి వీపుకి గుచ్చుకుంది, ఒకదాని నుంచి లోయ కనపడదు, ఒకదాని మీద నాచు. తా వలచింది రంభ, తా మునిగింది గంగ. ఇంకో రాయి ఆ రాయి ఎలా అవుతుంది? ఎప్పటికైనా ఈ జనం మరిచిపోతారు, మళ్ళీ కూర్చోవచ్చు అని లోలోపల ఒక ఆశ పెట్టుకుని ఉన్నాడు. సర్వేశ్వరరావుగారు కట్టిస్తున్న గట్టూ ఊచలూ వస్తే ఆ ఆశకి కూడా తాళం పడుతుంది.

బస్సు పైకి వెళ్ళిపోయింది. సోములు పని మొదలుపెట్టాడు. సిమెంటు కలపడానికి నీళ్ళు కావాలి. నీళ్ళంటే పైడయ్యే. కావడి మీద కావడి తెచ్చి పోశాడు. సోములు రాయికి మూడువైపులా రాతికట్టుబడి లేపి, నాలుగోవైపు, గెడ్డకీ రాయికీ మధ్య, వెడల్పాటి అరుగు పోశాడు. నీళ్ళు అమ్మవారిని కోసెయ్యకుండా అట. గెడ్డని ఆ పక్క నుంచి మళ్ళించడానికి చిన్న అడ్డుకట్ట కూడా వేశాడు. అతను మంచి పనివాడు. పాట పాడుకుంటూ పనిచేశాడు. నీళ్ళు రాయిని వదిలి దూరంగా జరుగుతూంటే పైడయ్య చెంబు పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. అతనికి ఏడుపు రాలేదు గానీ, వచ్చి ఉంటే బాగుండేది.

మధ్యాహ్నం విశాఖపట్నం నుంచి ఒక జీపు వచ్చింది. ఎవరో ఆఫీసరుగారు, భార్య, ఆవిడ తల్లి. పులిహోర డబ్బాలూ, దుప్పట్లూ వేసుకుని రెండురోజులు అరకులో గడుపుదామని బయలుదేరారు. జీపు నీళ్ళు తాగుతూంటే ఆఫీసరు చూడదగ్గ చోట్లేమిటని అడిగాడు. పైన డముకు దగ్గర ఆగితే లోయంతా కనిపిస్తుందని, బొర్రాగుహల్లోకి దివిటీ లేకుండా వెళ్ళొద్దని, వలిసెపూలు ఇప్పుడుండవని పైడయ్య చెప్పాడు. అందరికీ చెప్పేవే. ఆఫీసరు భార్య లోయవైపు చూస్తూ, ఇక్కడే ఉండిపోతే ఎంత బాగుణ్ణు అంది. ఆ మాట ప్రతి బండిలోనూ ఎవరో ఒకరు అంటారు. అన్నవాళ్ళెవరూ ఉండలేదు. అననివాడొక్కడే ఉన్నాడు.

ముసలావిడకి ఘాటీ మలుపులకి కళ్ళు తిరిగాయి. కూర్చోవడానికి చోటు కోసం చూసి, తిన్నగా రాయివైపు అడుగేసింది. వీపు ఆనుకోవడానికి అది ఎంత బాగుంటుందో ఆవిడ కంటికి కూడా ఇట్టే తెలిసిపోయింది. పైడయ్య ప్రాణం లేచివచ్చింది. కూర్చోండమ్మా అనడానికి నోరు తెరిచాడు కూడా. ఇంతలో సోములు తాపీ పడేసి అడ్డం వచ్చాడు.

"అమ్మోరండమ్మా అది. కూకోకూడదు."

ముసలావిడ చప్పున చెప్పులు విప్పి, చెంపలు వేసుకుని, రోడ్డు పక్క మైలురాయి మీద కూలబడింది. మైలురాయి ఎవరికీ సుఖంగా ఉండదు. పైడయ్య ఆవిడకి మంచినీళ్ళిచ్చి, మొహాన ఇన్ని చల్లాడు.

పొద్దు వాలుతూండగా మంగ్లు వచ్చాడు. కొండమీది గూడెంవాడు. అడ్డాకుల మోపు సాయంత్రం బస్సుకి ఎక్కించడానికి వారానికోసారి దిగుతాడు. వచ్చినప్పుడల్లా ఒక ఆకుమండ విరిచి రాయి దగ్గర పెడతాడు. అది రాయి రాయిగా ఉన్న రోజుల నుంచీ అతనికి అలవాటు. కనుమ దాటేవాడు కొండకి చెప్పి దాటాలట. పైడయ్య ఆ రాయి మీద కూర్చుని ఉన్న రోజుల్లో మండ అతని పక్కనే పెట్టి, ఇద్దరూ చుట్ట పంచుకునేవారు. దేవుడికీ మనిషికీ ఒకే రాయి సరిపోవడం మంగ్లుకి ఎప్పుడూ వింతగా తోచలేదు.

ఈవేళ మండ పెట్టడానికి చోటు కనిపించక అతను గట్టు బయట నిలబడ్డాడు. ఇదేమిటని అడిగాడు. పైడయ్య సంగతంతా చెప్పాడు. ఎవరితోనూ అనని మాట కూడా అన్నాడు.

"ఒక్కపాలి కూకుంటే సాలురా మంగ్లూ. రేపు ఊసలేసెత్తారు."

మంగ్లు చుట్ట నోట్లోంచి తీసి కొండవైపు చూశాడు.

"మా అవ్వ సెప్పీది. దేవుడు పగలే రాయి మీద కూకుంటాడు. పొద్దుగూకితే కొండెక్కిపోతాడు, ఏటకి. అప్పుడది ఉత్త రాయే," అన్నాడు.

అది వాళ్ళ అవ్వ మాటో, స్నేహితుడి కోసం అప్పటికప్పుడు పుట్టిన మాటో పైడయ్య అడగలేదు.

సాయంత్రం బస్సులో సర్వేశ్వరరావుగారు అరకు సంత నుంచి తిరిగివచ్చాడు. దిగి, చెప్పులు బస్సులోనే వదిలి, గట్టు చుట్టూ తిరిగి చూసుకున్నాడు. అరుగు అద్దంలా ఉందని సోములుని మెచ్చుకున్నాడు. అతను చెడ్డవాడు కాదు. ప్రాణం దక్కినవాడు, ఆ రుణం తీర్చుకోవాలనే ఆరాటం తప్ప ఇంకేమీ లేదు. పైడయ్యని దగ్గరికి పిలిచి, రేపటి నుంచి తెల్లవారుజామునే స్నానంచేసి దీపం పెట్టమనీ, ఊచల తలుపు తాళం అతని దగ్గరే ఉంచుకోమనీ, ఎవర్నీ ముట్టుకోనివ్వద్దనీ చెప్పాడు. అందుకు ఏటా రెండు జతల బట్టలు ఇప్పిస్తానన్నాడు. చుట్టూ మూగిన ప్రయాణికులు పైడయ్యని గౌరవంగా చూశారు. రొట్టె విరిగి నేతిలో పడిందని ఒకాయన అన్నాడు.

పైడయ్య తుండుగుడ్డ భుజం మీంచి తీసి నడుముకి చుట్టుకున్నాడు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేడు.

"బావూ, ఆ రాయి మీద నాను రోజూ కూకునీవోణ్ణి. గెడ్డలో కాళ్ళెట్టుకుని, శానా ఏళ్ళు."

గెడ్డవైపు ఒక్కవైపు వదిలెయ్యండి అన్నది రెండో మాట. అది ఇంకా గొంతులోనే ఉంది. సర్వేశ్వరరావుగారు అతనివంక తేరిపారచూశాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎంత పుణ్యం చేసుకున్నావయ్యా పైడయ్యా. తల్లి ఒళ్ళో కూర్చున్నావు," అన్నాడు.

అని, ఆ పెద్దమనిషి, ఆ కావడి మోసేవాడికి రెండుచేతులూ జోడించి నమస్కారం పెట్టాడు. బస్సు దిగిన ఆడవాళ్ళు కూడా పెట్టారు. రెండో మాట పైడయ్య గొంతులోంచి ఎటు పోయిందో పోయింది. దణ్ణం పెట్టించుకున్న నోటితో ఇంకేం అడుగుతాడు?

సోములు కూడా ఆ బస్సులోనే దిగిపోతూ, ఊచలతో పొద్దున్నే వస్తానని, అరుగు ఇంకా పచ్చిగా ఉందని, గోనెలు కప్పి తెల్లారేదాకా తడి ఆరకుండా చూడమని, కాలు మాత్రం పెట్టొద్దని చెప్పాడు. మంగ్లు మోపు ఎక్కించి కొండదారి పట్టాడు. మండని గట్టు బయట ఒక మూల పెట్టి వెళ్ళాడు. బస్సు చప్పుడు మలుపుల్లో పడి, చిన్నదై, ఆగిపోయింది.

ఎర్రటి పొద్దు కొండ వెనక్కి జారింది. పైడయ్య చెప్పినట్టే కట్టుబడి మీద నీళ్ళు చల్లాడు. తనని బయటికి తోసే గోడకి తనే నీళ్ళుపోసి గట్టిపరుస్తున్నానని అతనికి తెలుసు. చేసుకున్నవాడికి చేసుకున్నంత అనుకుని నవ్వొచ్చింది కూడా. డబ్బా కింద పెట్టి కొండవైపు చూశాడు. చీకటి ఇంకా పూర్తిగా పడలేదు. వేటకి బయలుదేరేవాళ్ళు ఎవరైనా సరే, బయలుదేరే వేళే అది.

డబ్బా పట్టుకుని గట్టు దాటి లోపలికి వెళ్ళి, పక్కనే ఉన్న మోదుగాకు మీద నిమ్మకాయని, గాజుల్ని, ఎర్రగుడ్డని ఒక్కొక్కటే తీసి జాగ్రత్తగా పెట్టాడు. ఇంట్లోవాళ్ళు లేనప్పుడు వాళ్ళ సామాను కదిపినట్టు బెరుగ్గానే కదిపాడు. తుండుగుడ్డతో రాయిని తుడవలేదు. పసుపు మీదే కూర్చున్నాడు. వీపు ఆనించాడు. ఆ ఎత్తు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. అతనికి తెలియకుండానే పెద్ద నిట్టూర్పు వచ్చింది.

కాళ్ళు ఎప్పట్లా జారవేస్తే నీళ్ళు లేవు. పచ్చి అరుగు మెత్తగా, చల్లగా పాదాల కింద తగిలింది. సోములు మాట గుర్తొచ్చింది. కాళ్ళు పైకి తీసుకోవాలనుకున్నాడు. ఈ వయసులో కాళ్ళు ముడుచుకుని ఎంతసేపు కూర్చుంటాడు, ముడుచుకు కూర్చోవడానికైతే ఇంత తెగించడం ఎందుకు? ఉంచేశాడు. చెయ్యి చాచి డబ్బా దగ్గరికి లాక్కుని, చెంబుతో నీళ్ళు ముంచి పాదాల మీద పోసుకున్నాడు. అదే గెడ్డ, అవే నీళ్ళు. మైదానం చివర తెల్లగీత ఉందో లేదో మసకలో తెలియలేదు. ఉందనే అనుకున్నాడు. రొమ్ములో పట్టేసినది మళ్ళీ పట్టింది, ఈసారి వదలలేదు. అయినా అతను సంతోషంగానే ఉన్నాడు. ఆ సంగతి కచ్చితంగా చెప్పవచ్చు.

చలి ఎముకలకి తగిలాక లేచాడు. గాజులూ, గుడ్డా, నిమ్మకాయా ఎక్కడివక్కడ పెట్టాడు. అరుగు మీద చెయ్యి తడిమితే రెండు గుంటలు తగిలాయి. అరచేత్తో మెత్తబోయి ఆగాడు. మేస్త్రి పని మేస్త్రి చూసుకుంటాడులే అనుకుని, వాటి మీద తడిగోనె కప్పి, రేకుల పాకలోకి వెళ్ళి, కంబళి మెడదాకా లాక్కుని పడుకున్నాడు.

పొద్దున్న బస్సు వచ్చి మలుపులో ఆగింది. యర్రయ్య హారను కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ఆవిరి పోతూనే ఉంది. బీడీ పారేసి పాకలోకి వెళ్ళి చూస్తే పైడయ్య పక్కకి తిరిగి పడుకుని ఉన్నాడు. భుజం ముట్టుకున్నాడు. బయటికి వచ్చి కండక్టరుతో నెమ్మదిగా చెప్పాడు, మావ ఎల్లిపోనాడు అని. ఆ తరువాత తనే డబ్బా ముంచుకొచ్చి మూత తిప్పాడు. గోనె తడపడం మరిచిపోయాడు. అరచెయ్యి కాలింది.

కబురందుకుని మంగ్లు, గూడెంవాళ్ళు కట్టెలు మోసుకొచ్చారు. గెడ్డ దిగువన దహనం చేశారు. సోములు కట్టెలు పేర్చడానికి చెయ్యి సాయం చేసి, వచ్చి, పని చూసుకుందామని అరుగు మీద గోనె ఎత్తాడు. రెండు పాదాల అచ్చులు. తాపీ మొనతో గీకి చూశాడు. సిమెంటు గట్టిపడిపోయింది. పైన ఒక పూత వేస్తే మూసుకుపోతుందని లేచి ఇసుక కలపబోయాడు. ఇంతలో దహనం అయ్యేదాకా ఆగిన బస్సులోంచి ఒక ముసలమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, అమ్మోరు రేతిరి దిగి నడిసినాదర్రా అంది. ఎవరో పసుపు తెచ్చారు. సోములు నోరు తెరిచేలోగా పాదాలకి బొట్లు పడ్డాయి. అతను తాపీ కడిగి సంచిలో పెట్టేసుకున్నాడు.

కొత్త నీళ్ళమనిషి వచ్చాడు. సర్వేశ్వరరావుగారు ముహూర్తం పెట్టి వచ్చి ఆ పాదాలని కళ్ళకద్దుకున్నాడు. యర్రయ్య ఏదో చెప్పబోయి, ఆ మొహం చూసి, ఒక కొబ్బరికాయ తనూ కొట్టాడు. మంగ్లు ఆ వారం ఆకుమండని రాయి దగ్గరికి తీసుకెళ్ళలేదు. ఊచల సందులోంచి చెయ్యి దూర్చి పాదాల పక్కన పెట్టాడు.

ఊచల లోపల ఆ రెండు పాదాలూ లోయవైపు తిరిగి, వేళ్ళు కాస్త ఎడంగా, కూర్చున్న మనిషి పాదాల్లా మడమల దగ్గర లోతుగా ఉన్నాయి. రాత్రి కురిసిన మంచు కరిగి వాటి నిండా నీళ్ళు నిలిచాయి.